ఘాటులో ఆగిన బొగ్గు బస్సు

మొన్న మనవడు కొత్త కారులో నన్ను దోర్నాల నుంచి ఆత్మకూరుకు నల్లమల మీదుగా తీసుకొస్తూ, ఈ పచ్చదనం ఎంత బాగుందో చూడవ్వా అని మురిసిపోయాడు. బాగుందనే అన్నాను గానీ, మలుపు మలుపుకూ తలుపు పిడి గట్టిగా పట్టుకుంటూనే ఉన్నాను. మా కాలంలో అడవిని చూడ్డానికి ఎవరూ పోయేవారు కాదని, గత్యంతరం లేక దాటేవారని, నా ఈడు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక పీపాలో నిప్పు రాజేసి, క్లీనరు చెమటలు కక్కుతూ దానికి గాలి ఊదే చక్రం తిప్పితే గానీ అవి కదిలేవి కావు. నాన్న దోర్నాలలో మిషన్ బడి అయ్యవారు. ఏడాది నిండని తమ్ముడికి గొంతువాపు వచ్చి, పాలు మింగలేక, ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వినబడుతుంటే, కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చకపోతే దక్కడని కాంపౌండరు చెప్పాడు. తెల్లవారుతూనే బస్సెక్కాం.

కొండ ఎక్కే ఘాటు దారి మొదట్లో అడవి తల్లి అని ఒక రాయి ఉండేది. ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ దిగి, ఒక పచ్చి రెమ్మ తెంపి దాని ముందు వేసి పోవాలి. అందరూ దిగారు, నాన్న దిగలేదు. తాతగారి కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు మాది, ఆ విషయంలో నాన్న మహా మొండి. అమ్మ తమ్ముణ్ణి గుండెలకు అదుముకుని ఆ రాయి వైపే చూస్తూ కూర్చుంది.

ఎత్తు ఇంకా కొంచెం మిగిలిందనగా బస్సు ఆగిపోయింది. రాత్రి వానకు బొగ్గు తడిసి నిప్పు సరిగా రాజుకోవడం లేదు. చుట్టూ వెదురు పొదలు, ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు; పులేమోనని ఎవరూ కిందికి దిగరు. కాసేపటికి ఆ భయమంతా మా మీదికి తిరిగింది. ముందు సీట్లోని పెద్దాయన డ్రైవరుతో, "వాళ్ళను ఈడనే దించెయ్యప్పా, అమ్మోరికి ఆకెయ్యకుంటే బండెట్ల కదులుతాది?" అన్నాడు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. మమ్మల్ని అడవిలో వదిలేస్తారని, తమ్ముడు అక్కడే పోతాడని నేను అమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అంతలో పొదల్లోంచి విల్లంబులతో నలుగురు చెంచులు వచ్చారు. దారిదోపిడీ అనుకుని బస్సంతా బిగుసుకుపోయింది. వాళ్ళలో ముసలాయన కిటికీలోంచి తమ్ముణ్ణి చూసి, సంగతేమిటని అడిగి, పెద్దాయన రెమ్మ మాట చెప్పగానే విసుక్కున్నాడు.

"ఊపిరాడక బిడ్డ కొట్టుకుంటాంటే ఏ తల్లన్నా ఆకు అడుగుతాదా?"

విల్లు పక్కన పెట్టి, వెనక్కి పోయి బస్సుకు భుజం ఆనించాడు. మిగతా ముగ్గురూ ఆనించారు. నాన్న దిగాడు, నాన్న వెనక సిగ్గుపడుతూ ఆ పెద్దాయనా, తర్వాత మగవాళ్ళంతా దిగారు. పైదాకా నెట్టాక, అవతలి దిగుడులో జారుతూ జారుతూ ఇంజను అందుకుంది.

తమ్ముడు దక్కాడు. ఆ ముసలాయన పేరు అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

మొన్న అదే ఎత్తులో చెంచులు తేనె సీసాలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. మనవడు ఎందుకైనా మంచిదని అద్దాలు పైకెత్తి వేగం పెంచాడు. వాణ్ణేమని తప్పుపట్టను? ఆ రోజు వాళ్ళను చూడగానే మా అమ్మ కూడా మెళ్ళో గొలుసు కొంగులో దాచుకుంది. కాకపోతే మా బస్సు ఆగింది కాబట్టి వాళ్ళు మా దగ్గరికి రాగలిగారు. ఇప్పటి బండ్లు ఆగడం లేదు.