సియోల్ సందులో చెడిన బోణీ

సియోల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒక ముసలావిడ నీలం రంగు చక్రాల బండిని ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి బండిని అడుగున పట్టి లేపింది. ఆ చెయ్యి వరంగల్‌లో ఏళ్ల తరబడి స్టీలు బిందెలు ఎత్తి దించిన చెయ్యి. బరువు కనబడితే ఊరుకోదు.

"ఏందే వినోదా, ఈడికొచ్చి గూడ హమాలి పనేనా?" పైమెట్టు మీద నుంచి వరలక్ష్మి.

"పెద్దామె కష్టపడుతాంటె సూస్కుంట ఎట్ల నిలవడమంటవ్?"

పైకెక్కాక ముసలావిడ నడుం వంచింది, వినోద చేతులు జోడించింది. అంతకుమించి మాట్లాడుకోవడానికి ఇద్దరి దగ్గరా భాష లేదు. దారి మాత్రం ఒకటే కావడంతో బండి వెనకాలే ముగ్గురు స్నేహితురాళ్లూ బజారులోకి నడిచారు.

వినోదది స్టీలు సామాను దుకాణం, వరలక్ష్మిది బట్టలు, పూలమ్మది కిరాణం. వరంగల్ చౌరస్తా దుకాణాల ఆడవాళ్లంతా కూడబలుక్కుని బయల్దేరిన టూరు ఇది. ఆ రోజు గైడు, చీకటి పడేలోగా బస్సు దగ్గరికి రమ్మని చెప్పి అందరినీ వదిలేశాడు. దేశాలు తిరిగేవాళ్లలో కొండలు చూసేవాళ్లుంటారు, కోటలు చూసేవాళ్లుంటారు. దుకాణం మనిషి ఏ రాజ్యానికి పోయినా ముందు చూసేది ఎదుటివాళ్ల దుకాణాన్నే.

ముసలావిడ ఒక సందులో ఆగి షటరు పైకి తోసింది. గోడ పొడుగునా మూతలున్న చిన్న చిన్న స్టీలు గిన్నెలు. వినోద కాళ్లు అక్కడే నిలిచిపోయాయి.

"ఇల్లు నిండ స్టీలు, దుకాణం నిండ స్టీలు. సముద్రం దాటొచ్చి మల్ల స్టీలేనా?" అంది పూలమ్మ.

"మూత సూడక్కా, ఎంత ముద్దుగ కూసున్నదో!"

ముసలావిడ కాలిక్యులేటర్ మీద ధర కొట్టి చూపింది. వినోద దాన్ని అందుకుని సగం కొట్టింది. ముసలావిడ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. వినోద గిన్నె కింద పెట్టి, స్వెట్టరు మీది కొంగు సర్దుకుని బయటికి నడిచింది. అలగడం కాదది, బేరంలో భాగం. వరంగల్‌లో అయితే నాలుగడుగులు పడకముందే "రా అక్కా, నీ మాటేందో చెప్పు" అని వెనక నుంచి కేక రావాలి.

"పిలుస్తది సూడు," అంది వెనక్కి తిరగకుండానే.

సందు మలుపు వచ్చింది. పిలుపు రాలేదు.

"పిలుస్తది, పిలుస్తది. మనం వరంగల్ల దిగినంక పిలుస్తది!" వరలక్ష్మి పకపకా నవ్వింది.

వినోద కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "అయ్యో! ఆమె షటరు మన ముంగటనే తీసింది గదనే. బోణీ మనదే. పొద్దుపొద్దున ఆమె బోణీ చెడగొట్టొచ్చిన!"

గబగబా వెనక్కి తిరిగారు. కానీ ఆ బజారులో సందులన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఎన్ని తిరిగినా ఆ సందు దొరకలేదు.

కాపురానికొచ్చిన కొత్తలో వినోదకు అత్త నేర్పిన మొదటి విద్య వంట కాదు, బోణీ. ఒకరోజు పొద్దున్నే నర్సంపేట రైతొకాయన బిందె బేరం కుదరక లేచిపోతుంటే, అత్త గద్దె దిగి వాకిట్లోకి ఉరికింది. "ఒక చెంచానన్న పట్టుకపో కొడుకా, వట్టి చేతులతోని మెట్టు దిగకు" అని చెంచా చేతిలో పెట్టి, ఆయన ఇచ్చిన చిల్లర కళ్లకద్దుకుంది. తొలి బేరాన్ని శకునంగా చూడడం కొరియా బజార్లలోనూ ఉన్నదే. ఆ సంగతి వినోదకు తెలియదు. తెలియకపోయినా ఆమె దిగులేం తగ్గలేదు.

తక్కిన రోజంతా హాయిగానే గడిచింది. వరలక్ష్మి బొమ్మల మేజోళ్లు వాడకట్టుకంతా సరిపోయేలా కొన్నది. పూలమ్మ కోడళ్ల కోసం మొహానికి అంటించుకునే తడి కాగితాలు ఏరింది. మాంసం, గుడ్డు వద్దని గైడు కొరియా భాషలో రాసిచ్చిన చీటీ చూపితే, హోటలామె రకరకాల కూరగాయలు, ఎర్రటి కారం ముద్ద తెచ్చి పెట్టింది. ముగ్గురూ చెంచాలు పక్కన పడేసి చేత్తోనే కలిపారు.

"కారం తియ్యగున్నదేందే!" పూలమ్మ నోరు తెరిచింది. "మన ఎనుమాముల మార్కెట్ మిరపకాయ సూస్తె సిగ్గుతోని సస్తది."

సంచిలోంచి మామిడికాయ తొక్కు బయటికొచ్చింది. తర్వాత వీధి బండి దగ్గర, పెనం మీద కాల్చి ఇచ్చిన తీపి రొట్టె కొరికితే లోపల బెల్లం పాకంలాంటిది కారింది. "భచ్చమే! మన భచ్చమే!" అని ముగ్గురూ తలొకటి మళ్లీ తీసుకున్నారు.

కానీ హోటల్లో అన్నం వచ్చింది ఆ మూత గిన్నెల్లోనే. అక్కడ మూత ఎత్తినప్పటి నుంచి వినోదకు అదే ధ్యాస. "ఆమెకు బేరం అయిందో లేదో."

"ఫికర్ జెయ్యకు. గీ దేశంల బోణీలు గీణీలు ఉంటయా?" అంది పూలమ్మ.

"దుకాణం ఉన్నకాడ బోణీ ఉండదా అక్కా?"

పూలమ్మ కూడా గల్లా ముందు కూర్చునే మనిషే. రొట్టె నములుతూ తనే ముందు కదిలింది, "నడువుండ్రి, ఎతుకుదాం" అంటూ.

పొద్దు వాలుతుండగా ఒక షటరు పక్కన ఆ నీలం బండి కనబడింది. ముసలావిడ సామాను లోపల సర్దుకుంటోంది. వినోద ఉరికినట్టే పోయి మూత గిన్నెలు ఏరింది. పొద్దున కాలిక్యులేటర్ మీద చూసిన ధరే, పైసా తగ్గించమనకుండా కుడిచేత్తో అందించింది. ముసలావిడ రెండు చేతులా పుచ్చుకుని తల వంచింది. కళ్లకద్దుకున్నట్టే అనిపించింది వినోదకు.

గిన్నెలు కాగితంలో చుట్టాక, ముసలావిడ ఒక పొడుగాటి చెంచా తీసి మూటలో దోపింది. కొసరు! కోపమున్న చెయ్యి కొసరు వెయ్యదు. పొద్దుటి నుంచి గుండె మీదున్న బిందె ఏదో దిగినట్టయింది.

"చెప్పిరా ఇగ, బస్సు పోతది!" వరలక్ష్మి తొందరపెట్టింది.

వినోద నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? పోతున్నానని ఏ వాకిట్లోనూ అనకూడదు. వస్తానంటే అబద్ధం, ఈ జన్మలో ఈ సందుకు ఇంకెక్కడ వస్తుంది? ఒకరోజులో ఒక తప్పు చాలు. ఆమె నోరు మూసుకుంది. మూట చంకన పెట్టుకుని గిరుక్కున తిరిగింది.

నాలుగడుగులు పడ్డాయో లేదో, వెనక నుంచి ముసలావిడ నవ్వు కలిసిన కేక వినబడింది.

"పిలుస్తాందే!" అంది వరలక్ష్మి.

"నేను చెప్పలే, పిలుస్తదని?" అంది వినోద, వెనక్కి చూడకుండా నడుస్తూనే.