మా కొట్టంలో కాపలా మనుషులు

ఇంతకాలం నేను ఏదీ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. అక్షరాలు రాకపోవడానికి కారణం మా బడి దారి.

రాయచోటికి అవతల మాది చిన్న పల్లె. రెండు పక్కలా రెండు పెద్ద ఊళ్లు. ఆ ఊళ్లను ఏలే ఇద్దరు పెద్దమనుషులకూ తాతల నాటి పగ. బడి తూర్పు ఊళ్లో ఉండేది. మా పల్లె పడమటి పెద్దాయన వైపు చేరింది. చేరిన మరునాటి నుంచి మా పిల్లలెవరూ ఆ దారిన నడవలేదు. నాకు అప్పటికి పలక కొని తెచ్చారు గానీ బలపం ఇంకా కొనలేదు.

ఎవరి వైపూ చేరకముందు ఎలా ఉండేదో మా నాయన చెప్పేవాడు. తూర్పువాళ్లు వచ్చి మేకల్ని తోలుకుపోయేవాళ్లట. పడమటివాళ్లు వచ్చి, "వాళ్లకు మేకలిచ్చేంత స్నేహమా మీకు?" అని వేరుశనగ కుప్పలకు నిప్పు పెట్టేవాళ్లట. మేం ఎవరి మనుషులమూ కామంటే రెండు ఊళ్లలోనూ నమ్మినవాళ్లు లేరు. చివరికి పల్లె మగవాళ్లంతా మా ఇంటి ముందు కూర్చుని పడమటి పెద్దాయనను ఆశ్రయించాలని అనుకున్నారు. ఆయన కాపలాకు మనుషుల్ని పంపాడు. వాళ్లు మా గొడ్ల కొట్టంలో మకాం పెట్టారు. వాళ్లకు సంగటి, చట్నీ మోసుకుపోవడం నా పని. మంచివాళ్లే. నన్ను ఒక్క మాట అనేవాళ్లు కాదు. మా మేకల జోలికి మళ్లీ ఎవరూ రాలేదు, కుప్పలు కాలలేదు. ఆ వేసవిలో తూర్పువాళ్లు కొట్టం మీద నాటుబాంబు విసిరారు. కాపలా మనుషులు అప్పుడు బావి దగ్గర స్నానాలు చేస్తున్నారు. కొట్టం గోడ పక్కన ఉయ్యాలలో ఉన్నది నా చెల్లెలు. ప్రాణం దక్కింది. కుడి చెవి పోయింది.

యాభై దాటాక, కువైట్‌లో, రిగ్గైలో బట్టలు కుట్టే ఒక కడప ఆమె గదిలో శుక్రవారాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. వాక్యం రాయడం వచ్చాక మొదట రాయాలనిపించింది ఈ కొట్టం గురించే. దాంతో పాటు, పెద్ద దేశాలు ఒకదాని మీద ఒకటి క్షిపణులు వేసుకున్న ఆ వేసవిలో మా చెల్లెలి విషయంలో నేను చేసిన పని గురించి.

నేను వంట చేసే ఇల్లు రిగ్గైకి దగ్గర్లోనే ఉంది. ఇంటి యజమానురాలిని మామా అంటాను, ఆమె భర్తను బాబా అంటాను. బాబా ఒకప్పుడు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయాడు. సాయంత్రాలు ఆయన దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే బయటి హాల్లో, ఆయన వయసువాళ్లు పోగవుతారు. నేను లోపలికి వెళ్లను. కాఫీ పళ్లెం గుమ్మం దాకా తెచ్చి డ్రైవర్‌కు అందిస్తాను. డ్రైవర్ మా రాయచోటి ముస్లిం. నేను భాయ్ అంటాను. దివానియాలో మాటలన్నీ ఆయన ద్వారానే వంటింట్లోకి వస్తాయి.

నా తర్వాత చెల్లెలు కూడా కువైట్‌కే పనికి వచ్చింది. అది పనిచేసే ఇల్లు దక్షిణాన ఎడారి వైపు ఉండేది. మామా అక్క కూతురి ఇల్లు అది. దానికి కొంచెం అవతలే అమెరికా సైనికుల శిబిరం. ఆ ఇంటాయన శిబిరానికి కూరగాయలు సరఫరా చేసేవాడు. ఆ శిబిరం పక్కన ఉండటం మా చెల్లెలికి గొప్ప ధైర్యం.

"ఈడ సిపాయిలుండారక్కా. గోడ మీద ఈగ వాలినా వాళ్లకు తెలుస్తాది. నువ్వే ఆడ దిక్కు లేకుండా ఉండావు" అని ఫోన్‌లో నన్నే ఓదార్చేది.

యుద్ధం మొదలైనప్పటి నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు. ఇక్కడ ఏమీ కాలేదు. బజారు తెరిచే ఉంది, బస్సులు తిరుగుతున్నాయి, దజీజ్ గోదాముల్లో సామాను ఎత్తే మా ఊరివాళ్లు ఎప్పటిలా పనికి పోతున్నారు. కానీ మామా కిటికీలు లేని లోపలి గదిలో నీళ్ల సీసాలు, ఖర్జూరాలు, టార్చి లైటు పెట్టించింది. గది తలుపు సందులకు నాతో ప్లాస్టర్ అంటించింది. అంటిస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన: సైరన్ మోగితే చెల్లెలికి వినపడుతుందా? అది ఎడమ చెవి దిండుకు ఆనించి పడుకుంటుందేమో, ఎవరు లేపుతారు?

ఒక పొద్దున బాబా టీ కోసం తనే వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఆయనతో నేను నాకు వచ్చిన అరబ్బీలోనే మాట్లాడతాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"బాబా, ఆ సైనికుల్ని వెళ్లిపొమ్మంటే ఎవరూ మన జోలికి రారు కదా?"

"రాత్రి దివానియాలో కూడా ఇదే గొడవ" అన్నాడు నవ్వి. "నువ్వూ వచ్చి కూర్చోవలసింది."

కాసేపు టీ ఊదుకున్నాడు. తర్వాత ఆ నవ్వు లేదు.

"ఇరాక్ వాళ్లు రాకముందు మేం అందరితోనూ మంచిగా ఉన్నాం. ఇటువాళ్లతో ఒక మాట, అటువాళ్లతో ఒక మాట. తెల్లారేసరికి ట్యాంకులు ఈ రోడ్డు మీదే వచ్చాయి. మేం మంచి చేసినవాళ్లలో చాలామంది సానుభూతి పంపారు. సైన్యం తెచ్చింది ఈ అమెరికావాళ్లూ, వాళ్లతో కూడినవాళ్లూ. అప్పటికే నా తమ్ముణ్ని పట్టుకుపోయారు. వాడు రాలేదు, దేశం మాత్రం వచ్చింది. ఇప్పుడు వీళ్లను పొమ్మను అంటున్నావు. పొమ్మంటే ఆ రోడ్డు మళ్లీ ఖాళీగా ఉంటుంది."

"వాళ్లు ఇక్కడే ఉంటే?"

"ఉంటే, వాళ్ల మీద కోపం ఉన్నవాడు మన ఇంటి మీద రాయి వేస్తాడు. రెండూ నిజమే. మాలాంటి చిన్న దేశానికి భయం లేని దారి ఎవరూ చూపించలేదు. ఏ భయంతో బతకాలో ఎంచుకోవడమే."

నేను మా కొట్టం సంగతి చెప్పాను. చెల్లెలి చెవి సంగతి చెప్పాను. ఆయన టీ పక్కన పెట్టి విన్నాడు.

"మీ నాన్న తప్పు చేశాడంటావా?"

వాళ్లను పిలవకపోతే ఆ ఏడాదే ఊరు వదిలి పోయేవాళ్లమని మా నాయన చచ్చేదాకా అన్నాడు.

"మీ నాన్న వాళ్లకు ఏమైనా షరతు పెట్టాడా?" అని బాబా మళ్లీ అడిగాడు. "ఎన్నాళ్లు ఉండాలి, ఎక్కడ పడుకోవాలి అని? మావాళ్లు పెడతారు. ఉండండి, కానీ మా నేల మీంచి ఎవరినీ కొట్టొద్దు అంటారు. బలమైనవాడు అంతా వింటాడని కాదు. చెప్పకపోతే అసలే వినడు."

మా నాయన ఏ షరతూ పెట్టలేదు. కొట్టం మా ఇంటికి దూరంగా ఇంకొకటి ఉండేది, అక్కడ ఉండమని అడగడానికి మొహమాటపడ్డాడు. ఉయ్యాల ఇంకో గోడకు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజంతా గిన్నెలు తోముతూ అదే అనుకున్నాను. కొట్టాన్ని నేను కదపలేను. ఉయ్యాలను కదపవచ్చు.

సాయంత్రం కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. భాయ్ తీసుకోవడానికి రాలేదు. లోపల టీవీ గొంతు తప్ప ఒక్క మాట లేదు. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చాడు.

"అక్కా, పక్క దేశంలో అమెరికావోళ్ల స్థావరం మింద క్షిపణులు ఏసినారంట. ఈడ విమానాలు ఆపేసినారు."

"మన దగ్గర?"

"ఇంకా ఏం లేదు. మన దగ్గర గూడా వాళ్లుండారు గదా."

పళ్లెం ఆయన చేతిలో పెట్టానో కింద పెట్టానో గుర్తులేదు. చెల్లెలికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఎన్నిసార్లు చేశానో, చివరికి ఎత్తింది.

"ఏంది మే, చచ్చినావా బతికినావా?" అని అరిచాను.

"పిల్లోనికి నీళ్లు పోస్తాంటిని. అరవగాకు, చెవి పోయినా నీ నోరు మాత్రం బాగా ఇనపడ్తాది నాకు."

"బట్టలు సర్దుకో. ఈడికి వచ్చేయ్."

"యాడికి? నీకేమన్నా పిచ్చా? సిపాయిల పక్కన ఉండేదాన్ని ఇడ్సిపెట్టి ఆడికొచ్చి ఏం జేయల్ల?"

"ఆ సిపాయిల కోసరమే మే వాళ్లు ఏసేది! కొట్టం మింద ఏసింది మన మింద కోపానికా?"

"నాకా కొట్టం గుర్తే లేదక్కా" అంది, గొంతు తగ్గించి. "వాళ్లు ఉన్నెన్నాళ్లు కడుపునిండా తిన్యామని నువ్వే గదా చెప్తివి. నన్నేమో ఇప్పుడు భయపెడ్తాండావు."

"భయపడు. భయపడితే ఏం పోదు."

"ఈ ఇంటి మామా ఒప్పుకోవల్ల గదా. నా పాస్‌పోర్టు, నా ఇఖామా అంతా ఈళ్ల దగ్గర ఉండాది."

అది నిజం. ఇఖామా అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, అది యజమాని పేరు మీదే ఉంటుంది. చెల్లెల్ని కదిలించాలంటే నేను మా ఇంటి మామాను ఆశ్రయించాలి.

మామా లోపలి గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మోకాళ్ల మీద దుప్పటి, చేతిలో జపమాల. సంగతి చెప్పాను. ఆమె జపమాల తిప్పడం ఆపింది.

"ఈ చలికాలం నువ్వు పూర్తిగా వెళ్లిపోతానన్నావు" అంది.

"అన్నాను మామా."

"వెళ్లకు. నువ్వు పోతే నన్ను బాత్రూం దాకా ఎవరు తీసుకెళ్తారు? కొత్త మనిషికి నా నొప్పులు ఏం తెలుసు? నువ్వు ఉంటానను, ఇప్పుడే నా అక్క కూతురికి ఫోన్ చేస్తాను. రేపే తెచ్చుకో. ఇఖామా కూడా మా పేరు మీదికి మార్పిస్తాను."

ఊళ్లో నేను కట్టించుకున్న రెండు గదుల ఇల్లు ఉంది. సెలవుకు పోయినప్పుడు తప్ప నేను దాంట్లో పడుకున్నది లేదు. ఈ చలికాలానికి పోయి ఇక అక్కడే ఉంటానని అందరికీ చెప్పాను. ఆ ఇంటి తలుపు రంగు కూడా ఫోన్‌లో చూసి ఎంచుకున్నాను. మామా చెడ్డది కాదు. ఆమెకూ భయమే. నేను సరే అనబోయాను. నోటిదాకా వచ్చిన మాట బాబా పొద్దున అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

"ఎన్నాళ్లు మామా?"

ఆమె ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లలో నేను ఆమెను ఎదురు అడిగింది లేదు.

"నేను ఉన్నన్నాళ్లు."

"కాదు మామా. వచ్చే రంజాన్ దాకా. పండుగ అయ్యాక నేను పోతాను. మా చెల్లెలు ఉంటుందో పోతుందో దాని ఇష్టం. దాని పాస్‌పోర్టు దాని దగ్గరే ఉండాలి."

"యుద్ధం వస్తుంటే బేరం ఆడుతున్నావా?" అంది. కోపం అనుకున్నాను. కానీ నవ్వింది, ఆ నవ్వు వెంటనే పోయింది. "రెండు రంజాన్లు."

"ఒకటి."

"ఒకటి. రెండోది అప్పుడు చూద్దాం" అని ఫోన్ తీసుకుంది.

అప్పుడు చూద్దాం అన్న మాటలో ఏముందో నాకు తెలుసు. అయినా తలూపాను. ఆ రాత్రి సైరన్ మోగలేదు. మోగుతుందని వింటూనే పడుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వంటింట్లోకి వచ్చేసరికి భాయ్ రొట్టె నములుతూ నవ్వుతున్నాడు.

"ఖలాస్ అక్కా! యుద్ధం ఆపేసినారంట. టీవీలో చెప్తాండారు. నీ బేరమంతా దండగైపాయ. రాత్రి నోరు మూసుకొని పడుకోని ఉంటే చలికాలానికి ఊర్లో ఉంటాంటివి."

మామా కూడా అదే అంది. "దేవుడి దయ, అయిపోయింది. మీ చెల్లెలు ఇక అక్కడే ఉండనీ. ఆ పిల్లలకు ఆమె అలవాటు." నేను ఉండిపోవడం గురించి మాత్రం ఏమీ అనలేదు.

"నా మాట ఉంది మామా" అన్నాను. "మీ మాట కూడా ఉండాలి."

బాబా పత్రిక మీంచి తల ఎత్తి భార్యను చూశాడు. ఆమె చేయి ఊపింది. యల్లా, పో అన్నట్టు.

భాయ్ కారు తీశాడు. దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. దక్షిణం వైపు రోడ్డు మీద సైనికుల బండ్లు వరసగా పోతున్నాయి, నిన్న ఎలా పోయి ఉంటాయో అలాగే. ఒక రోజుకు ఆపారని వాళ్లేమీ మూట కట్టుకోవడం లేదు.

చెల్లెలు గేటు బయట సంచి మీద కూర్చుని ఉంది, మూతి ముడుచుకుని, కుడి వైపు రోడ్డుకు పెట్టి. భాయ్ హారన్ కొట్టాడు. అది కదల్లేదు. మళ్లీ కొట్టబోతుంటే ఆయన చేయి పట్టుకుని ఆపాను. దిగి, చుట్టూ తిరిగి దాని ఎడమ వైపుకు వెళ్లి, పేరు పెట్టి పిలిచాను.