గోడబల్లి వేదిక దిగిన సాయంత్రం

హోటల్లో వడ్డించేవాళ్లు మా బావకి గోడబల్లి అని పేరు పెట్టారు. భోజనాల గదిలో వయొలిన్ వాయించడం ఆయన ఉద్యోగం. వీపు గోడకి ఆనించి, పళ్లేలు మోసుకొచ్చేవాళ్లకి అడ్డం రాకుండా పక్కపక్కకి జరుగుతూ వాయించేవాడు. పేరు పెట్టినవాళ్లని నేను తప్పుపట్టను. నేనూ మొహం మీదే అనేదాన్ని. మా అక్క "నోర్ముయ్యవే" అని కసిరేది, నవ్వాపుకుంటూ.

హోటల్ ఒక్కటే కాదు, ఆయన వాయించని చోటు లేదు. నది దాటించే లాంచీ మీద వాయించాడు. గాలి పాటని ఎత్తుకుపోతుందని అక్కడ ఇంజను గదికి ఆనుకుని నిలబడేవాడు. పెళ్లి విందుల్లో వాయించాడు. అక్కడ వయొలిన్ కన్నా వియ్యపురాళ్ల గొంతులే పెద్దవి. కొత్త బట్టల దుకాణం తెరిస్తే లిఫ్టు పక్కన నిలబెట్టారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా దిగినవాళ్లు "చీరలెటు?" అని ఈయన్నే అడిగేవారు. వాయిస్తూనే గడ్డంతో దారి చూపించేవాడు.

ఒక్కో చోటికి ఒక్కో తీరు అంటాడు. ఆస్పత్రి వార్డులో మంచానికి కాళ్లవైపు నిలబడకూడదు, పాపం రోగి మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది. తలాపునే నిలబడాలి. హోటల్లో ఏ బల్ల దగ్గరైనా మాటలు ఆగిపోతే మొగుడూపెళ్లాలు పోట్లాడుకున్నట్టు లెక్క, వెంటనే హుషారైన పాట ఎత్తుకోవాలి. ఎవరైనా కళ్లు తుడుచుకుంటే మాత్రం గోడ వదిలి వాళ్ల దగ్గరికి వెళ్లి, చెవి పక్కన వంగి, ఆ ఒక్క మనిషికే వినబడేలా వాయించాలి. ఇంత కాలం వాయించాడు గానీ, కేవలం వినడానికని వచ్చి కూర్చున్న మనిషి ముందు ఎన్నడూ వాయించి ఎరగడు.

అన్నిటికన్నా విడ్డూరం, కట్టుకున్న పెళ్లాం ఆయన వాయించగా సరిగ్గా విన్నది లేదు. హోటల్లో పనివాళ్ల ఇంటివాళ్లకి భోజనాల గదిలోకి ప్రవేశం లేదు. ఇంట్లో వాయిస్తే పైవాటా ముసలాయన కర్రతో నేల పొడుస్తాడు. అందుకని తీగల మీద రబ్బరు బిళ్ల తగిలించి సాధన చేసేవాడు. అది పక్క గదిలోకి వచ్చేసరికి దోమ పాటలా ఉండేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా అక్కకి ఆ చెట్టు గాలి కూడా సోకలేదు.

ఇంతలో అక్కకి చెవులు తగ్గడం మొదలైంది. ఎడమచెవి పోయినట్టేనన్నాడు డాక్టరు. కుడిచెవి కూడా ఎంతో కాలం నిలవదని, మిషను పెట్టుకున్నా మాటలు పోల్చుకోవడానికే గాని సంగీతానికి పనికిరాదని చెప్పాడు. అక్క ఏడుస్తుందేమోనని నేను కాచుక్కూచున్నాను. ఏడవలేదు.

"పెద్ద హాల్లో మీ బావ వాయిస్తే ఒక్కసారి వినాలే," అంది. "పళ్లేల చప్పుడు లేకుండా. ఆ తర్వాత పోతే పోనీ."

ఆ పెద్ద హాల్లోనే నా ఉద్యోగం. తలుపు దగ్గర నిలబడి టికెట్లు చింపి లోపలికి పంపుతాను. అక్కడ మైకు వాడరు. మైకు లేకుండానే చివరి వరుసదాకా వినబడుతుందని దాన్ని కట్టినవాళ్ల గొప్ప. ఊళ్లో వాయిద్యగాళ్లందరికీ కలిపి ఒక సాయంత్రం పెడుతున్నారని తెలిసి మేనేజరు వెంట పడ్డాను. ఆయన గదిలోకి వెళ్తే గదిలోకి, కారు దాకా వెళ్తే కారు దాకా వెళ్లాను. నా పోరు పడలేక ఒక్క పాటకి ఒప్పుకున్నాడు.

బావతో చెప్పాను.

"అక్కడ నేనేం చెయ్యాలి?"

"వాయించాలి."

"వాళ్లేం చేస్తారు?"

"వింటారు."

"తింటూనా?"

"లేదు బావా, ఊరికే కూచుని వింటారు."

"అదేం పనే?" అన్నాడు.

అయినా అక్క కోసం ఒప్పుకున్నాడు. అంట్లు తోముతూ ఆమె కూనిరాగం తీసే పాటొకటి ఉంది, నెమ్మదైన పాట. అదే వాయిస్తానన్నాడు. అక్కని మూడో వరుసలో, కుడిచెవి వేదికవైపు ఉండేలా చివరి కుర్చీలో కూర్చోబెట్టాను. తలుపులు మూశాక వచ్చి పక్కన కూర్చున్నాను.

బావ వేదిక మధ్యకి వచ్చాడు. వెనక్కి చూశాడు, గోడ చాలా దూరంగా ఉంది. కమాను తీగ మీద పెట్టాడు. పాటలో నాలుగు వరసలు బాగానే వాయించాడు. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. ఆ నిశ్శబ్దానికి ఆయన బెదిరిపోయాడు. ఇంతమంది మాట్లాడడం లేదంటే ఇంతమందీ పోట్లాడుకున్నట్టే గదా ఆయన లెక్కలో! పాట మధ్యలో వదిలేసి పెళ్లి విందుల హుషారు పాట ఎత్తుకున్నాడు. ముందు వరుస వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. నీ మొహం మండ, అసలు పాట వాయించరా దేవుడా, అనుకున్నాను. ఎలాగో తెలివి తెచ్చుకుని మళ్లీ నెమ్మది పాటలోకి వచ్చాడు. ఈసారి భయంతో మరీ సన్నగా వాయిస్తున్నాడు.

అప్పుడు అక్క నా వైపు వంగింది. తన గొంతు తనకి వినబడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది.

"ఏమే, ఇంకా మొదలుపెట్టలేదా మీ బావ?"

హాలంతా విన్నది. ఎవరో కిసుక్కున నవ్వారు. తేదీ ఖాయమయ్యాక కుడిచెవి కూడా బాగా తగ్గిపోయిందని అక్క మాలో ఎవరికీ చెప్పలేదు. మా పెదాలు చూసి జవాబులిస్తూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు నా మొహం చూసింది, వేదిక మీద కదులుతున్న కమాను చూసింది, సంగతి అర్థమైంది. తల వంచుకుని చేత్తో కళ్లు తుడుచుకుంది.

బావ చూశాడు. కళ్లు తుడుచుకునే మనిషి కనబడితే ఏం చెయ్యాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. కమాను ఆపకుండానే మెట్లు దిగాడు. ముందు వరుసల పక్కనుంచి, గోడవారగా, హోటల్లో నడిచినట్టే నడిచి వచ్చాడు. అక్క ఎదురుగా వంగి, వయొలిన్ దాదాపు ఆమె కుడిచెవికి ఆనేలా పెట్టి, పాట మొదట్నించీ మళ్లీ ఎత్తుకున్నాడు. నాకు సిగ్గు, కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

అక్క కళ్లు మూసుకుని, మళ్లీ హాలంతా వినబడేలా అంది.

"ఆఁ, వినబడుతోంది. ఆపకండి."

ఆయన ఆపలేదు. ఆ తర్వాత వాయించాల్సిన వేణువాయన పక్కన నిలబడి ఎదురుచూశాడు.

బయటికి రాగానే మేనేజరు నన్ను పట్టుకున్నాడు. "ఇది హాలనుకున్నారా, హోటలనుకున్నారా?" అని కడిగేశాడు. బావని మళ్లీ అక్కడికి పిలవలేదు. ఆయనా అడగలేదు, ఎప్పట్లాగే గోడకి ఆనుకుని వాయించుకుంటున్నాడు.

ఆ సాయంత్రం జనం వెళ్లిపోతుంటే చివరి వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన తలుపు దగ్గర ఆగాడు.

"ఏమ్మా, చివరి వరుసదాకా వినబడుతుందన్నారు. ఆ వయొలినాయన కిందకి దిగాక మాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు," అన్నాడు.

"మా అక్కకి వినబడిందండీ," అన్నాను.