బిరడా బిగించిన గొట్టం

మంటిబొమ్మ ముక్కులో ఊపిరి ఊదిన తండ్రికి స్తోత్రం. ఆయన ఇచ్చిన ప్రతి ఊపిరికీ స్తోత్రం, ఇవ్వడానికి ఆలస్యం చేసిన ఊపిరికి కూడా.

దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. వాక్యం చదువుకుంటూ సంఘంలో పెరిగినవాణ్ణి. చచ్చినవాళ్ళు తిరుగుతారని అన్న పిల్లల్ని ఆదివారం బడిలో కోప్పడినవాణ్ణి. ఇప్పుడు చెప్పేది దెయ్యం సంగతి కాదు. మరి ఏ సంగతో నాకు తెలియదు.

నా భార్య సుందరమ్మకు పెళ్ళినాటికే ఉబ్బసం. చోడవరం చుట్టూ బెల్లం వండే రోజులొస్తే ఆ పొగకీ, చెరుకు పిప్పి దుమ్ముకీ ఆమె పడుకోలేదు. గోడకి తలగడ ఆనించుకుని కూర్చుంటుంది. ఆమె కూర్చుంటే నేనూ కూర్చుంటాను. తెల్లారి బడిలో ఎక్కాలు చెబుతూ కునికేవాణ్ణి. కొన్నేళ్ళకు మొరపెట్టుకునే ఓపిక కూడా నాలో అయిపోయింది.

ఆమెకు మాత్రం వాళ్ళమ్మ నేర్పిన అలవాటొకటి ఉంది. ఊపిరి విడిచిన ప్రతిసారీ, చివర్లో, లోపల్లోపల 'తండ్రీ' అనుకుంటుంది. పెదవి కదలదు.

ఆ యేడు విశాఖపట్నం నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. ఉబ్బసంలో ఊపిరిగొట్టాలు ఎలా బిగుసుకుంటాయో, మందిస్తే ఎంత తెరుచుకుంటాయో ఆయన పరిశోధన. మా ప్రార్థన మందిరం పక్కగదిలో యంత్రం పెట్టారు. నీళ్ళతొట్టిలో బోర్లించిన రేకుడబ్బా, దానికో రబ్బరు గొట్టం. గొట్టంలోకి ఊపిరి వదిలితే డబ్బా లేస్తుంది, పీలిస్తే దిగుతుంది. డబ్బాకి కట్టిన సూది, తిరుగుతున్న మసి పట్టించిన కాగితం మీద మసిని గీరి తెల్లటి గీత గీస్తుంది.

మొదట సుందరమ్మనే కూర్చోబెట్టారు. సంఘంలో పెద్దామె మార్తమ్మ గుమ్మంలోంచి వేళాకోళం మొదలుపెట్టింది.

"ఏటే సుందరమ్మా, నీ ఊపిరికి ఫొటో తీత్తన్నారా? కూసింత నవ్వే!"

మామూలు మనిషి ఊపిరి గీత చప్పున లేచి చప్పున దిగుతుంది. సుందరమ్మ గీత ముసలిమనిషి మెట్ట ఎక్కినట్టు నెమ్మదిగా లేచింది. పైకి చేరేచోట, ప్రతిసారీ, చిన్న నొక్కు.

"కొలిచేటప్పుడు మాట్లాడకూడదమ్మా," అన్నారు డాక్టరుగారు.

"నానేటీ మాటాడ్నేదు బాబూ. మనసులో అనుకున్నాను, అంతే."

ఆయన నవ్వారు. "గొంతు రవ్వంత మూసుకుంటోంది. పోనీలెండి, ఇది మీ గుర్తు."

కొన్నాళ్ళ తర్వాత ఒకరోజు తెల్లారేసరికి ఆమె పెదవులు నీలమయ్యాయి. మాట లేదు. మా ఇల్లు గోవాడ దారిలో ఊరి చివర. మార్తమ్మను కాపలా పెట్టి, ఇంజక్షను కోసం డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాను.

రోలుగుంట నుంచి వచ్చిన రోగులు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయన యంత్రాన్ని పరీక్షించుకుంటున్నారు. గొట్టానికి బిరడా బిగించి కాగితం తిప్పితే గీత తిన్నగా రావాలి. గాలి కారుతుంటే కిందికి జారుతుంది. రోజూ చేసే పనే. సుందరమ్మ సంగతి చెప్పాను.

"వీళ్ళు పాపం తెల్లారగట్ల బయల్దేరారు, మేస్టారూ. ఇద్దర్ని చూసి వచ్చేస్తాను," అన్నారు.

బతిమాలడానికి కూడా నాకు శక్తి లేదు. బల్లకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు సూది కదిలింది.

నెమ్మదిగా లేచింది. పైన నొక్కు. దిగింది. మళ్ళీ లేచింది, ఈసారి కొంచెమే. ఇద్దరం చూస్తున్నాం. డాక్టరుగారు బిరడా పట్టుకుని చూశారు. బిగుతుగానే ఉంది. గీత పొట్టిదవుతూ వచ్చింది. నొక్కు పోయింది. తర్వాత లేవనే లేదు.

ఆయన సూదిమందు పెట్టె తీసుకుని, తిరుగుతున్న యంత్రాన్ని అలాగే వదిలి గదికి తాళం వేసి, సైకిలెక్కారు. వెనక నేను.

మేం వెళ్ళేసరికి సుందరమ్మ మెడ వాలిపోయి ఉంది. మార్తమ్మ ఏడుస్తోంది. ఇంజక్షను ఇచ్చి, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఛాతీ లేచింది. మాట వచ్చాక ఆమె అన్నది ఒకటే.

"తండ్రీ అందామంటే గాలి సాల్నేదు బాబూ."

డాక్టరుగారు నా మొహం చూశారు.

తిరిగి వెళ్ళి నా ఎదుటే తాళం తీశారు. కాగితం ఆగిపోయి ఉంది. చదునైన గీత కొంతదూరం సాగి, మళ్ళీ లేచింది. మొదట చిన్నగా. చివర్లో లేచినచోట నొక్కుంది. బిరడా బిగించినట్టే ఉంది.

ఆయన ఆ కాగితాన్ని, మసి చెరగకుండా, లక్కనీళ్ళలో ముంచి ఆరబెట్టారు. ఆరాక నా చేతిలో పెట్టారు.

"దీన్ని నా పరిశోధనలో ఎక్కడ పెట్టను, మేస్టారూ? బిరడా బిగించి ఉండగా పడిన గీతకి రోగి పేరేమని రాయను?"

ఆయన దైవభక్తుడు కాదు. నేను భక్తుణ్ణి. దేవుడు ఊపిరి తిరిగిచ్చాడని సాక్ష్యం చెప్పగలను. ఆ సూదిని ఎవరు కదిపారో చెప్పలేను.

రోగం పోలేదు. మళ్ళీ బెల్లం పొయ్యిలు వెలిగాయి. నేనిది రాస్తుంటే పక్కగదిలో ఆమె తలగడకి ఆనుకుని కూర్చుంది. ఇక్కడికి వినిపిస్తోంది.

మీ ఇంట్లోనూ ఊపిరికి పెనుగులాడేవాళ్ళు ఉండవచ్చు. వాళ్ళ కోసం, సుందరమ్మ కోసం, ఓపిక అయిపోయిన నా బోటివాళ్ళ కోసం నాతోపాటు ప్రార్థించండి. పెద్ద మాటలు అక్కర్లేదు. మెల్లగా ఊపిరి విడవండి. చివర్లో, లోపల్లోపలే, అనుకోండి: తండ్రీ.