మట్టల ఆదివారం వచ్చిన అభ్యంతరం

నా పెళ్లి వాట్సాప్‌లో కుదిరింది. ఈ మాట అంటే మా వదిన ఇప్పటికీ నొచ్చుకుంటుంది. దేవుడు కుదిర్చాడని చెప్పుకోవచ్చు కదా అంటుంది. దేవుడే కుదిర్చాడు, కాదనను. కానీ అందుకు ఆయన వాడుకున్నది మాత్రం క్రైస్తవ వివాహ పరిచయాల గ్రూపునే. ఎవరో ఫార్వర్డ్ చేసిన ఆ మెసేజ్ నాకింకా గుర్తుంది. మిరప, పత్తి వ్యవసాయం, తల్లిదండ్రులు ప్రభువునందు నిద్రించారు, ప్రార్థన అలవాటున్న అమ్మాయి కావాలి, కట్నం అక్కర్లేదు, బోరు ఉంది. పెళ్లికొడుకు అర్హతల్లో బోరును కూడా లెక్కేసిన మనిషి ఎలా ఉంటాడో చూడాలనిపించింది నాకు.

పంపిన ఫోటో ఆధార్ కార్డు మీద ఉండేదానికంటే కొంచెం నయం, అంతే. నాకప్పటికి ముప్పై దాటాయి. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అన్నయ్యే పెంచాడు. గుంటూరు వైపు ఒక టౌనులో వాళ్లింట్లోనే ఉంటూ మిషన్ మీద జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఆ ఏడాది అన్నయ్యకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అక్కడ వాళ్లకు దొరికింది ఒక్క గది. నన్నెవరూ పొమ్మనలేదు, పాపం, అంతా ప్రేమగానే జరిగింది. కానీ ఆ ఒక్క గదిలో నా కుట్టుమిషన్ ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు, నాతో సహా.

ఆయనతో ఫోన్లో మాట్లాడింది రెండుసార్లు. ఆయన ఊరు కొత్తగూడెం దాటాక, భద్రాచలం వైపు, అడవి అంచున. అక్కడ సిగ్నల్ కావాలంటే ఊరి బయట కల్వర్టు మీద నిలబడాలి. రెండుసార్లూ "హలో, వినబడుతుందా" అనుకోవడంతోనే సరిపోయింది. మిగతాదంతా అన్నయ్య, ఆ ఊరి పాస్టరుగారు మాట్లాడుకుని ఖాయం చేశారు.

మా చర్చిల్లో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో పెళ్లిళ్లు చెయ్యరు. ఈస్టరు వెళ్లిన వారంలో ముహూర్తం... ముహూర్తం అనకూడదనుకోండి, తేదీ పెట్టుకున్నారు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని. పుట్టినప్పటినుంచీ వింటున్నాం ఆ మాట. ఎవరూ ఏమీ తెలియజేయరు. అది చదివేటప్పుడే ఆడవాళ్లు పిల్లల ముక్కులు తుడుస్తుంటారు.

అన్నయ్య కిరాయి ఇల్లు ఖాళీ చేసేశాడు కాబట్టి, పెళ్లిదాకా నేను పాస్టరుగారింట్లో ఉండేట్టు, ఈస్టరుకు చర్చిలో పాటలు పాడే క్వయిర్ పిల్లల బట్టలు కుట్టిపెట్టేట్టు మాట్లాడారు. పాస్టరుగారి భార్యను ఊళ్లో అందరూ అమ్మగారు అంటారు. ఆవిడే ఖమ్మం బస్టాండుకు వచ్చి నన్ను తీసుకెళ్లింది. తల్లాడ దాటేవరకు బాగానే ఉన్నాను. ఆ తర్వాత పొలాలు తగ్గి చెట్లు పెరుగుతుంటే నా ధైర్యం కూడా పొలాలతోపాటు పలచబడుతూ వచ్చింది. కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను. అమ్మగారు చూసి కూడా చూడనట్టు బత్తాయి వలిచి చేతిలో పెట్టింది.

ఆయన్ను మొదటి ప్రకటన చదివిన ఆదివారం చర్చిలోనే చూశాను. మగవాళ్ల వైపు స్తంభం పక్కన కూర్చున్నాడు. ఫోటోకంటే నల్లగా, సన్నగా, ఫోటోకంటే బాగా. ఆరాధన అయ్యాక "వందనాలండి" అన్నాడు. నేనూ "వందనాలండి" అన్నాను. అమ్మగారు వెంటనే మా మధ్యలోకి వచ్చి నిలబడింది. పెళ్లి కాకుండా మాట్లాడుకుంటే సంఘంలో బాగుండదట. అడవి పక్కన అంత చోటుంది కానీ మేమిద్దరం నిలబడి నాలుగు మాటలు చెప్పుకోవడానికి మాత్రం లేదు.

ఆ వారంలోనే ఒకరోజు తెల్లారుజామున మెలకువ వచ్చి ఇంటి వెనక వైపు నడిచాను. పొలం గట్టు మీద పెద్ద చెట్టు. దానికింద ఆకులన్నీ కాల్చి, ఊడ్చి, నేలను మా ఇంటి వాకిలిలా శుభ్రం చేసిపెట్టారు. ఆ నేలంతా లేత పసుపు పూలు, గుండ్రంగా, కండగా, ద్రాక్షపళ్లంత. వాసన తియ్యగా, కొంచెం మత్తుగా ఉంది. మా వైపు రాలిన పువ్వు ఎవరు ఏరుకుంటే వాళ్లది. కొంగు పట్టి ఏరడం మొదలుపెట్టాను. కొంగు సగం నిండాక తలెత్తితే ఎదురుగా ఒక ముసలమ్మ, చంకలో బుట్టతో.

అది ఇప్పచెట్టు అని, అడవిలో ఉన్నా గట్టు మీద ఉన్నా ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లు ఉంటుందని, ఆకులు కాల్చి నేల ఊడ్చుకున్నారంటే అది ఎవరిదో చెప్పినట్టేనని నాకేం తెలుసు! ఆవిడ తిట్టలేదు. నా కొంగులో పూలు తన బుట్టలో పోయించుకుని, నా పక్కనే కూర్చుని, నువ్వెవరు, ఎవరింటికొచ్చినవ్ అని ఆరా తీసింది. పక్క గూడెం ఆవిడది. వాళ్లు చర్చికి రారు, వాళ్ల దేవతలు వాళ్లకున్నారు. ఆయన మిరపతోటలో కూలికి వస్తుందట. తల్లి పోయాక ఆయనకు గంజి కాచి పోసింది కూడా ఈవిడేనట. నాకప్పుడు ఎవరిమీద కోపముందో నాకే తెలియదు కానీ, నీకు గీ పిలగాడు నచ్చిండా అని ఆవిడ అడగ్గానే నోరు జారాను.

"ఏమో అవ్వా. నన్నెవరూ అడగలేదు" అన్నాను.

ఆవిడ మళ్లీ నేల మీదికి వంగింది. పూలు ఏరుకుని వెళ్లిపోయింది. నేనూ ఆ మాట మర్చిపోయాను.

రెండో ప్రకటన ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు. ఈత మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగి, పాటలు పాడి, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాం. పాస్టరుగారు మైకులో మా ఇద్దరి గురించి చదివి, అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని కాగితం మడవబోతున్నారు. గుమ్మం దగ్గర నుంచి గొంతు వినబడింది.

"నాకున్నదయ్యా."

ముసలమ్మ. చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ల గూడెంలో పెళ్లి మాటంటే అందరూ కూర్చుని, ఎవరికేమనిపిస్తే అది చెప్పాకే ఖాయమవుతుంది. చెప్పమని అడిగి, చెప్పబోతుంటే కాగితం మడిచేస్తారని ఆవిడకు ఎలా తెలుస్తుంది? పోయిన ఆదివారం మైకులో ఆ ప్రశ్న విన్నదట. వారమంతా ఆలోచించుకుని వచ్చింది.

పాస్టరుగారు మంచివారు. ఏమిటమ్మా నీ అభ్యంతరం అని మర్యాదగానే అడిగారు.

"పిల్లను ఎవ్వలన్న అడిగిన్రా? ఇష్టమేనా అని?"

ఇష్టం లేకపోతే ఇంత దూరం ఎందుకొస్తుందమ్మా అన్నారాయన.

"వచ్చుడు వేరే, ఒప్పుకునుడు వేరే. నేను గూడ వచ్చిన గప్పుడు. నన్నెవ్వలు అడగలె."

చర్చి మొత్తం తల తిప్పి నా వైపు చూసింది. భూమి చీలిపోతే బాగుండు అనిపించింది. నా కళ్లముందు హైదరాబాదులోని ఆ ఒక్క గది తిరిగింది. ఈ పెళ్లి చెడితే నేను వెళ్లాల్సింది అక్కడికే, అన్నయ్య కూతురి పక్కలో ముడుచుకుని పడుకోవాల్సింది నేనే. ముసలమ్మ మీద పట్టరాని కోపమొచ్చింది. అడిగి పుణ్యం కట్టుకోమని నేనేమన్నా చెప్పానా?

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి ఆయన లేచాడు. చేతిలో ఈతమట్ట అలాగే ఉంది.

"అవ్వ చెప్పింది నిజమే అయ్యగారూ. నేను గూడ అడగలె" అన్నాడు.

అంతే చెప్పి కూర్చున్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం పాస్టరుగారింట్లో చిన్న గొడవే జరిగింది. సంఘం పరువు పోయిందని అమ్మగారు అన్నం కూడా ముట్టలేదు. పాస్టరుగారు మాత్రం, చదివేది మనమే, అడిగినదానికి జవాబు రాకపోతే చదవడమెందుకు అన్నారు. ఇద్దరూ మాట్లాడుకోవాలన్నారు. కావాలంటే అమ్మగారు కాస్త దూరంగా కూర్చోవచ్చన్నారు.

ఎక్కడ మాట్లాడుకోవాలో ముసలమ్మే తేల్చింది, తన చెట్టు కింద, పూలేరుతూ. చేతికి పని ఉంటే నోటికి సిగ్గుండదట. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. అమ్మగారు దూరంగానే కూర్చుంది కానీ కాసేపటికి ఆవిడ కూడా వంగి పూలేరడం మొదలుపెట్టింది.

ఆయన నా ముఖం చూడకుండా, పూలేరుతూనే, ఉన్నదున్నట్టు చెప్పాడు. వానాకాలం వాగు వస్తే రోడ్డు తెగుతుంది. పెద్ద దవాఖానా భద్రాచలంలోనే. మిరప తెగులొచ్చిన ఏడు ఇంట్లో నవ్వుండదు. ఆ మెసేజ్ రాసింది పాస్టరుగారు. పొలానికి నీళ్లున్నాయని అమ్మాయికి తెలియాలని బోరు సంగతి మాత్రం తనే చేర్పించాడట. పెళ్లిచూపుల్లో ఏ మగాడూ తన సరుకును ఇలా తక్కువ చేసి చూపించి ఉండడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆ తర్వాత ఆయన ఏరడం ఆపి, మొదటిసారి నా వైపు చూశాడు.

"నీకు వద్దనిపిస్తే చెప్పు. ఖమ్మంల చర్చోళ్ల హాస్టల్ల కుట్టు నేర్పే పనుందట, ఉండనీకి రూం గూడ ఇస్తరట. నిన్న కల్వర్టు కాడికి పోయి ఫోన్ చేసి అడిగిన. నాకే నచ్చలేదని అందరికి చెప్త. నీ మీద మాట రానియ్య."

నాకు సంబంధాలు చూసినవాళ్లు చాలామంది. నేను కాదనుకుంటే ఏమవుతానో ఆలోచించినవాడు మాత్రం ఈయనొక్కడే. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఈసారి కిటికీ కూడా లేదు దాచుకోవడానికి. ఆయన కంగారుపడి ముసలమ్మను పిలిచాడు. ఆవిడ వచ్చి చూసి, ఏం గాలేదు పో, పూలేరుకో అంది.

ఆదివారం దాకా టైం కావాలన్నాను. ఇచ్చాడు. ఆ వారమంతా క్వయిర్ పిల్లల గౌన్లు కుడుతూ నిజంగానే ఆలోచించాను. హాస్టల్లో గది గురించి కూడా ఆలోచించాను. బాగానే ఉంటుందనిపించింది. అక్కడైనా నేను బతకగలను. ఆ సంగతి తెలిశాక ఎందుకో రాత్రిళ్లు హాయిగా నిద్ర పట్టింది.

ఈస్టరు నాడు చర్చి కిక్కిరిసింది. సగంమంది ప్రభువు లేచినందుకు వచ్చారు, సగంమంది నేనేం చెబుతానో వినడానికి వచ్చారు. తెల్లచీర కట్టుకుని, తలమీద కొంగేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. ముసలమ్మ ఎవరు పిలిచినా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది.

మూడో ప్రకటన చదవడం అయ్యింది. పాస్టరుగారు కాగితం కింద పెట్టి నా వైపు తిరిగారు. ఆరాధన క్రమంలో లేని మాట అది.

"అమ్మా, నిన్నే అడుగుతున్నాను. నీకిష్టమేనా?" అన్నారు.

లేచి నిలబడ్డాను. అనుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. మగవాళ్ల వైపు చూశాను. ఆయన తల దించుకుని, కాదంటే అదీ వినడానికి సిద్ధపడి కూర్చున్నాడు.

"ఇష్టమేనండి. ఇక్కడే ఉంటాను" అన్నాను.

"గట్టిగ చెప్పు బిడ్డా, నాకు ఇనబడలె" అంది గుమ్మంలోంచి ముసలమ్మ.

చర్చంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న నా కోసమే అడిగారు, జవాబు కోసం అంతమందీ ఆగారు. నా ముప్పై ఏళ్లలో ఎవరూ అలా ఆగలేదు. గుమ్మం వైపు తిరిగి, గొంతెత్తి, ఆయన పేరు పెట్టి, ఈయన్నే చేసుకుంటాను అవ్వా అని చెప్పాను. స్తంభం పక్కన ఆయన భుజం మీది తువ్వాలు తీసుకుని ముఖం మొత్తం కప్పేసుకున్నాడు.