కారం ముద్దలు తిన్న రాట్‌వీలర్

మూడో నెల పాపతో చెల్లెల్ని అత్తారింటికి పంపే శుక్రవారం దగ్గరపడింది. మా అమ్మ భయమంతా బావ పెంచుతున్న రాట్‌వీలర్ కుక్క గురించే.

"ఆ జాతి మంచిది కాదంట. పుస్తకాలు సదువుతావు కదా, ఎల్లి సూసి సెప్పు" అంది.

నా చదువు పదో తరగతితో ఆగినా గ్రంథాలయంలో కుర్చీ మాత్రం వదల్లేదు. ఆ వారం కుక్కల మీద దొరికిందల్లా చదివాను. జాతి ఒక్కటే కుక్కని కరిచేలా చెయ్యదు. పెంపకం, గొలుసు, భయం, నొప్పి అన్నీ కలుస్తాయి. కానీ పెద్ద దవడ పట్టిందంటే గాయమూ పెద్దదే. ఈ రెండు మాటల మధ్య నలుగుతూ, బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో బావ ఇల్లు. చెల్లి గది మేడ మీద. కుక్కని కట్టింది మెట్ల మొదట్లోనే.

"ఏటి బావా, గోడకి అతుక్కుపోనావ్?" బావ నవ్వాడు. "లైబ్రరీలో పులుల గురించి సదివొచ్చినావేటి? పిల్లిపిల్లది!"

నిజంగానే అది ఆయన చెయ్యి నాకింది. నేనూ ధైర్యం చేసి తల నిమిరాను. ఇంతలో బావ వాళ్లమ్మ అన్నం గిన్నె తెచ్చి దాని ముందు పెట్టింది. ఘాటుకి నాకే దగ్గొచ్చింది.

"అంత కారమేటి అత్తా?"

"పౌరుషం రావాలి కదేటి బాబూ. మా ఊళ్లో కాపలా కుక్కకి ఇలాగే ఎట్టేవోళ్లం."

కుక్క కళ్లలోంచి నీళ్లు కారుతుండగా గబగబా మింగుతోంది. బావ దాని గిన్నె దగ్గర కర్ర ఆడించాడు. అది పళ్లు బయటపెట్టింది.

"సూసినావా!" అన్నాడు గర్వంగా.

"అది పౌరుషం కాదు బావా, కడుపుమంట. ఆ కారం ఆపు, కర్ర పారెయ్."

"ఆపేత్తాను. అయితే శుక్రారం పంపేత్తారా?"

కారం ఆపితే కుక్క ఆ కోపాన్ని ఎన్నాళ్లకి మరిచిపోతుందో నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. సందులోకి వెళ్లి, ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ చెల్లికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అన్నయ్యా, పాపనెత్తుకుని దాని ముందునుంచి నువ్వు మెట్లెక్కుతావా?"

"ఎక్కను" అన్నాను.

"అయితే నానూ రాను."

వెనక్కి వచ్చి ఆ మాటే బావతో చెప్పాను.

"మీ ఇద్దరికీ పిరికితనమే" అంటూ ఆయన ఖాళీ గిన్నె తియ్యడానికి వంగాడు. కుక్క గుర్రుమంటూ లేచింది. బావ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాసేపు దాన్నే చూశాడు.

"శుక్రారం వద్దులే బావా" అన్నాడు మెల్లగా.