సైన్యం క్షేమం

1991లో, గల్ఫ్ యుద్ధం ముగిసిన కొన్నాళ్లకు, సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీలో దెబ్బతిన్న నీటి పైపులు మార్చే ఒక కంపెనీలో కరస్పాండెన్స్ సెక్రటరీగా చేరాను. బయటికి పోయే ఉత్తరాలన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. ఇంగ్లీషు ప్రతి మర్యాద కోసమే. దానికి జతచేసే అరబిక్ అనువాదమే ఆఫీసుల్లో చెల్లుతుంది.

మా ప్రాజెక్టు మేనేజరు ఇంగ్లీషాయన. ప్రాచీన రోమన్ల ఉత్తరాలంటే ఆయనకు ప్రాణం. రోమన్ అధికారి పని మాట ముందే ఎత్తడట. "మీరు క్షేమమైతే సంతోషం, నేనూ నా సైన్యమూ క్షేమం" అని మొదలుపెట్టి, అవతలివాడి హోదాను పొగిడి, ఆ తరువాతే సాయం అడుగుతాడట. రాజకీయాల్లో గిట్టనివాడికి రాసినా ఈ వరస తప్పదట.

ఒకరోజు రోడ్డు తవ్వడానికి అనుమతి కోరుతూ బలదియాకు, అంటే అక్కడి మునిసిపాలిటీకి, ఉత్తరం చెప్పి రాయిస్తూ ఆయన ఆ వాక్యమే వాడారు.

"సైన్యం తీసేద్దామా సార్?" అన్నాను.

"అందమంతా అందులోనే ఉంది" అన్నారు.

మా అనువాదకుడు ఉస్మాన్, సూడాన్ మనిషి, ఒక్క ముక్క వదలకుండా అరబిక్‌లోకి దించాడు.

వారం తిరక్కుండా క్యాంపు ముందు పోలీసు జీపులు ఆగాయి. కెప్టెన్ మా ఉత్తరం చూపించి, "మీ సైన్యం ఎక్కడ?" అని అడిగాడు. ఇకామాలు, అంటే మా నివాస అనుమతి పత్రాలు, లాక్కుని అందరికీ ఎగ్జిట్ కొట్టి దేశం దాటిస్తారనే అనుకున్నాను.

అంతలో జగిత్యాల రాజన్న, మా ఫోర్‌మన్, పారలు పట్టిన కూలీలతో క్యాంపు పక్క పైపుల కందకంలోంచి పైకి వచ్చాడు.

"ఏమైంది సార్? పోలీసులెందుకొచ్చిన్రు?"

"మన సైన్యాన్ని చూడాలట. క్షేమంగా ఉందని రాశాం."

"మనకు సైన్యమేడిది సార్? గీ ఉన్నోళ్లల్ల సగం మందికి విరేచనాలాయె. క్షేమమని ఎవడు రాసిండు?"

కెప్టెన్ ఆ మాటకు అర్థం అడిగాడు. నేను ఇంగ్లీషులో, ఉస్మాన్ అరబిక్‌లో ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, చాయ్ తెమ్మన్నాడు. మేనేజరు రోమన్ల మర్యాద గురించి వివరిస్తే ఓపిగ్గా విన్నాడు.

"ఆ రోమన్లు ఇప్పుడున్నారా?"

"లేరు. ఎప్పుడో పోయారు."

"అయితే వాళ్ల సైన్యాన్ని కూడా పంపించేయండి" అన్నాడు.

అనుమతి వచ్చింది. కెప్టెన్ బలదియాలో జరిగిందంతా చెప్పినట్టున్నాడు. ఆ జవాబులో మొదటి వాక్యం: "మేము క్షేమం. మీ సైన్యానికి కడుపు కుదుటపడిందని తలుస్తాం."

ఉత్తరంలో మర్యాద చదివేవాడికి అలవాటైనదై ఉండాలి, రాసేవాడికి ముచ్చటైనది కాదు. రిటైరయ్యేదాకా ఈ నియమమే పాటించాను. మేనేజర్లు ఎంత చదువుకున్నవాళ్లయినా, మొదటి వాక్యం మాత్రం ఉస్మాన్‌నే అడిగి రాసేవాణ్ణి.